రాయికీ కత్తికీ పొంతన

ముందు ఈ రాయిని చేతిలోకి తీసుకోండి. అర కిలోకి పైనే బరువుంటుంది. ఐదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. రంగు చూశారా? వానమబ్బులో కాస్త ఆకుపచ్చ కలిపినట్టు లేదూ! బొటనవేలు తడి చేసుకుని పైన ఒకసారి రాయండి. గాజులా జారిపోదు, అలాగని గరుకూ తగలదు. తడిపిన కొత్త పలక మీద వేలు పెట్టినట్టుంటుంది. నేను గడ్డం గీసుకునే కత్తిని దీని మీదే నూరుకుంటాను. ఈ రాత్రి దీని కబుర్లే చెబుతాను. చలిగా ఉంది కదా, ఆ కుంపటి ఇటు జరుపుకోండి. కాఫీ వస్తోంది.

కబురు మా ఊరి అరుగు మీద మొదలవుతుంది. ఆదివారం పొద్దున్నే మా తాతయ్యకి గడ్డం చేయడానికి ఒకాయన వచ్చేవాడు. పిల్లలం ఆయన్ని మామా అని పిలిచేవాళ్లం. పొది విప్పితే మడతకత్తి, కత్తెర, పటిక ముక్క, ఇత్తడి గిన్నె, వాటితో పాటు నడుము అరిగిన ఒక సానరాయి బయటికొచ్చేవి. తాతయ్య గడ్డం తడుపుకునే లోపు మామ రాయి మీద రెండు చుక్కలు నీళ్లు చల్లి కత్తిని అటూ ఇటూ నడిపేవాడు. తర్వాత తోలుపట్టా. చివర్న అరచేతి మీద నాలుగు సార్లు తిప్పి, వెలుగుకెత్తి చూసి, "ఊఁ, కానియ్యండి" అనేవాడు. ఒకసారి పక్కింటివాళ్లు కొడవలి నూరుకుంటాం, ఆ రాయి ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. "ఇది నా కత్తికి అలవాటైన రాయి బాబూ. కొడవలి ఎక్కితే మళ్లీ నా మాట వినదు" అన్నాడు. రాయి మాట వినడం ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

చాలా ఏళ్ల తర్వాత జపాన్ రాళ్ల గురించి చదువుతూ, ఒక్కొక్కటి తెప్పించుకుని నూరి చూస్తూ ఉంటే, ఆ మాట మళ్లీ ఎదురొచ్చింది. అక్కడ నూరే పనివాళ్లు ఒక కత్తికి ఒక రాయి నప్పిందా లేదా అని చెప్పడానికి "అయిషో" అంటారు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు వధూవరులకి కుదురుతుందా అని అడగడానికీ వాళ్లకి అదే మాట. మనకి దానికి సరిపోయే మాట అమ్మమ్మల కాలం నుంచీ ఉంది, పొంతన. పొంతన కుదిరిందా అని పంచాంగం ముందేసుకుని అడుగుతాం చూడండి, అదే. ఎంత పేరున్న రాయైనా, ఎంత మంచి ఉక్కైనా, రెండూ కలిసి నడిచి చూస్తే గాని ఏమీ తేలదు. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మిగతావి దాని చుట్టూ అల్లిన కబుర్లు.

ఇలాంటి రాళ్లకి పుట్టిల్లు క్యోటో. నగరానికి వాయవ్యంగా నరుతకి, ఉమెగహత ఊళ్ల వైపు, అక్కణ్నుంచి అతగో కొండ దాకా, కొండలు దాటితే కమెఓకా దాకా పాత గనులున్నాయి. నకయామ, ఓజుకు, షోబుదని, ఓహిరా అనే పేర్లు వింటే రాళ్లంటే ఇష్టమున్నవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. 12వ శతాబ్దం చివర్లో హొమ్మ వంశస్థుడొకరికి ఈ కొండల రాళ్ల మీద హక్కు దక్కిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. వీటిని "హోన్యామ" అంటారు. అసలు కొండ అని అర్థం. ఆఖరి మెరుగు పెట్టే రాయిని "అవసెదో" అంటారు. ఇదిగో మీ చేతిలోది అలాంటిదే.

యుద్ధఖడ్గాల మెరుగుకీ ఈ కొండల రాళ్లే వాడేవారు. ఖడ్గాల మెరుగు ఇంటి విద్యగా ఉన్న హొనామి కుటుంబం క్యోటోలో ఉండేది. లిపికళలో, మట్టిపాత్రల్లో గొప్ప పేరు తెచ్చుకున్న హొనామి కొయెత్సు (1558–1637) ఆ ఇంటివాడే. తర్వాత కాలం మారింది. 1876లో జనం నడుముకి ఖడ్గం కట్టుకు తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఖడ్గాలు చేసే కమ్మరులు చాలామంది వంటకత్తుల వైపు, వడ్రంగి ఉలుల వైపు, క్షవరం కత్తుల వైపు మళ్లారు. రాయి మాత్రం తన చోట తానుంది. నిన్న ఖడ్గం వచ్చింది, నేడు ఉలి వచ్చింది, రేపు క్షవరం కత్తి వస్తుంది, అన్నీ దాని మీద నడవాల్సినవే.

అసలు ఈ రాయిలో ఏముంది? ఇక్కడ మీరు కాస్త కాఫీ తాగి సర్దుకుని కూర్చోండి, ఎందుకంటే ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట భూమ్మీద ఎన్నడూ లేనంత పెద్ద ప్రళయం వచ్చింది. సముద్రంలో బతికే జాతుల్లో పదింట ఎనిమిదికి పైగా నశించాయి. అంతకుముందు మహాసముద్రపు పై నీళ్లలో రేడియోలేరియా అనే కంటికి ఆనని జీవులు కోటానుకోట్లుగా తేలుతుండేవి. వాటి పెంకులు గాజులాంటి సిలికావి. చచ్చినవి చచ్చినట్టు వాన జల్లులా అడుగుకి రాలి, పేరుకుని, చెకుముకి జాతి గట్టి రాయిగా మారేవి. ప్రళయంతో ఆ జల్లు ఆగిపోయింది. ఇక ఆ నడి సముద్రపు అడుక్కి చేరేది దూరపు భూఖండం నుంచి గాలి మోసుకొచ్చిన సన్నటి దుమ్ము మాత్రమే. బంకమన్ను, అందులో మిల్లీమీటరులో వెయ్యో వంతుతో కొలవాల్సినంత చిన్న పలుగురాయి కణాలు. వెయ్యేళ్లకి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున ఆ దుమ్ము పేరుకుంది. తర్వాత సముద్రపు నేల మెల్లగా జరుగుతూ జరుగుతూ వచ్చి ఆసియా అంచుకి అతుక్కుని, జపాన్ కొండల్లో భాగమైంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలకి పెట్టిన పేరులోనే "తొయిషి" అనే మాట ఉంది. జపనీస్‌లో తొయిషి అంటే సానరాయి.

ఆ దుమ్మే ఎందుకు అంత మంచి సాన అయింది? పెంకులతో పేరుకున్న చెకుముకి రాయి మరీ గట్టిది, తనలోని కణాల్ని వదలదు. ఉత్త బంకమన్ను గట్టిపడితే అది ఉక్కుని కోయలేదు. ఇక్కడ రెండూ ఒకచోట చేరాయి. కోసే పలుగురాయి ఉంది, దాన్ని పట్టీ పట్టనట్టు పట్టుకుని, నూరుతుంటే కొంచెం కొంచెంగా వదిలే మన్నూ ఉంది. పెద్ద కణం ఒక్కటి కలిసినా కత్తి అంచున గీత పడుతుంది. నడి సముద్రం కాబట్టి పెద్ద ఇసుక అక్కడిదాకా చేరలేదు. చేరింది గాలి మోయగలిగినంత తేలికైన దుమ్మే. మీ చేతిలో ఉన్న అంగుళం మందంలో కొన్ని వేల ఏళ్ల నిశ్శబ్దం పేరుకుని ఉంది.

పొర పొరకీ గుణం మారుతుంది కాబట్టి పేర్లూ బోలెడు. "అసగి" అంటే ఇదిగో, ఈ నీలిపచ్చ రంగుది. "కీత" కందిపప్పు రంగులో ఉంటుంది. "కరసు" అంటే కాకి, ఒంటి మీద నల్లటి మచ్చలుంటాయి. "రెంగె" అంటే తామర, గులాబి ఛాయ చుక్కలు పడి ఉంటాయి. "సుయిత" పొరలో పురుగు తొలిచినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అది చురుగ్గా కోస్తుంది, వంటకత్తులకి ఇష్టం. క్షవరం కత్తి నూరేవాళ్లు ఎక్కువగా "తొమయె" పొరలో గట్టివి, సన్నవి వెతుకుతారు. రంగులు చూడముచ్చటగా ఉంటాయి గానీ రంగు పదును ఇవ్వదు.

ఈ సంగతి నాకు డబ్బు పోయాక తెలిసింది. మొదట్లో పక్కన గొప్ప గని ముద్ర ఉందని ఒక రాయి కొన్నాను. అమ్మినవాళ్లు చెప్పిన పేరు ఎంత పెద్దదంటే, నేను రాయి మీద గోరు ఆడించి చూడాలన్న సంగతే మర్చిపోయాను. ఇంటికి తెచ్చి, బాగా పదునెక్కిన కత్తిని దాని మీద పది సార్లు నడిపాను. పదకొండోసారి సన్నగా కిర్రుమంది. భూతద్దంతో చూస్తే అంచున మూడు చోట్ల నొక్కులు. రాయిలో వెంట్రుక మందాన ఒక గట్టి చార ఉంది. తర్వాత గోరుతో అడ్డంగా గీస్తే స్పష్టంగా తగిలింది. ముద్ర రాయి పుట్టిన గని పేరు చెబుతుంది. ఆ ముక్క గుణం, అది మన కత్తితో ఎలా ఉంటుందన్నది చెప్పలేదు. ఆ సాయంత్రం నేను చాలా బాధపడ్డాను. ఆ కత్తిని మళ్లీ మొదటి రాయి నుంచి నూరుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కత్తి సంగతి. ఇదిగో, ఇది మడతకత్తి. అంచు నుంచి వెన్ను దాకా 19 మిల్లీమీటర్లు, వెన్ను మందం ఐదున్నర. కత్తిని రాయి మీద బల్లపరుపుగా పెడితే వెన్నూ అంచూ రెండూ రాయిని తాకుతాయి. అంటే కోణం మనం పట్టుకోనక్కర్లేదు. వెన్నే పట్టుకుంటుంది, రెండు పక్కలా కలిపి సుమారు 16, 17 డిగ్రీలు. చేసిన కమ్మరి కోణాన్ని ఉక్కులోనే పెట్టి పంపాడన్నమాట. జపాన్ పాత పద్ధతి కత్తిని "కమిసోరి" అంటారు. దానికి మడత ఉండదు, పిడీ అలుగూ ఒకటే ముక్క. మెత్తటి ఇనుముకి గట్టి ఉక్కుని అతికి సాగగొడతారు. నీగాత ప్రాంతంలోని సంజో పట్నం ఇనుప పనికి పేరుపడ్డది. ఇవసకి కోసుకె అనే ఆయన టోక్యోలో లోహశాస్త్రం చదువుకుని, సంజోలో కత్తుల మీద పరిశోధన చేశాడు. ఆ ఇంటి క్షవరం కత్తులంటే ఇప్పటికీ జనం వెతికి మరీ కొంటారు.

నూరడం ఎలాగో మీ కత్తి మీదే చూపిస్తాను. ముందు రాయి తల చదునుగా ఉందో లేదో చూడాలి. పెన్సిలుతో గళ్లు గీసి, వజ్రపు పొడి అద్దిన పలకతో నీళ్లు పోసి రుద్దుతాను. గళ్లన్నీ ఒకేసారి చెరిగితే చదును కుదిరినట్టు. రాయి అంచులు కొంచెం గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే కత్తికి తగులుకుంటాయి. ఈ జాతి రాయిని నీళ్లలో నానబెట్టకూడదు. పొరల్లోకి నీరు దిగితే విచ్చుకుపోతుంది. అందుకే పక్కలకి లక్క రంగు పూస్తారు. నాలుగు చుక్కలు పైన చల్లితే చాలు.

మొద్దుబారిన కత్తిని నేరుగా దీని మీద పెట్టకూడదు. 1000 నంబరు కృత్రిమ రాయి మీద రెండు వాలులూ ఒకే గీత దగ్గర కలిసేదాకా నూరాలి. ఈ మెట్టు సరిగ్గా కుదరకపోతే పైన ఎన్ని రాళ్లు మార్చినా లాభం లేదు. తర్వాత 5000, 8000. అక్కడితో ఆపేసినా గడ్డం తెగుతుంది. కానీ చర్మానికి తెలుస్తుంది. అసలు నూరడమంటే అంచుకి ఏదో తగిలించడం కాదండీ. ముందు రాయి పెట్టిన గీతల్ని తర్వాతి రాయితో చిన్నవి చేసుకుంటూ పోవడం. పెద్ద గీతలు పోయి చిన్నవి, చిన్నవి పోయి ఇంకా చిన్నవి. చివరికి అంచు మందం అర మైక్రాను లోపలికి దిగుతుంది. తల వెంట్రుక మందం అందులో వంద రెట్లకి పైనే ఉంటుంది.

పాత పద్ధతిలో మధ్య మెట్లకి కూడా ఈ గట్టి రాయినే వాడేవారు. అదెలాగంటారా? "నగుర" అనే చిన్న రాయితో పైన రుద్ది పాలు తీస్తారు. గంధం చెక్కని సాన మీద అరగదీస్తే గంధం వస్తుంది చూడండి, అలా. మన భాషలో గంధం తీసే రాయీ సానే, కత్తి నూరే రాయీ సానే కదా! ఐచీ ప్రాంతపు మికవ కొండల తెల్ల నగురలు ఈ పనికి ప్రసిద్ధి. అవి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డ రాళ్లు. ముందు బోతన్, తర్వాత తెంజో, మెజిరో, కొమ. ఒకదాన్ని మించి ఒకటి సన్నం. ఒక్కో పాలలో కత్తి నడిపి, కడిగేసి, తర్వాతది. ఆఖర్న అడుగు రాయి జాతిదే ఒక చిన్న ముక్క, దాన్ని తొమొనగుర అంటారు. అడుగు రాయి ఒకటే, మీద పాలు మారతాయి. సముద్రపు అడుగు మన్ను మీద అగ్నిపర్వతపు బూడిద! వీటి మధ్య నడిచేది ఉక్కు ముక్క. ఎంత దూరాల నుంచి వచ్చి కలిశాయో చూడండి.

ఇప్పుడు చూడండి, చెయ్యి ఇలా. రెండు వేళ్లు కత్తి మెడ దగ్గర, మోచెయ్యి వదులు. కత్తి అంచు ముందుకి, ఒక మూల నుంచి ఎదురు మూలకి వాలుగా లాగాలి. చివరికి వచ్చాక వెన్ను మీదుగా తిప్పాలి, అంచు మీదుగా ఎప్పుడూ తిప్పకూడదు. మళ్లీ వెనక్కి. రాయి మీద అంచు ముందుంటుంది, తోలు మీద వెన్ను ముందుంటుంది. మొదటి నెలలో నేను తోలు మీద దీన్ని మరిచి పట్టాని నిలువునా కోసుకున్నాను. ఆ కోత ఉన్న పట్టాని ఇంకా దాచుకున్నాను, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి అదే మొదట చూపిస్తాను.

పాలు మెల్లగా బూడిద రంగుకి, ఆపైన నలుపుకి తిరుగుతాయి. ఆ నలుపు ఉక్కుపొడి. పాలలో నడిచేటప్పుడు సన్నటి ఇసుక మీద పాదం వేసినట్టు చప్పుడుంటుంది. నీళ్లు కలిపి పలచన చేస్తూ పోతే చప్పుడు తగ్గుతుంది. మొదట వేలి బరువు, తర్వాత చేతి బరువు తీసేయాలి. చివరి ఇరవై ముప్పై నడకలకి కత్తి బరువు తప్ప ఏమీ మిగలకూడదు. అక్కడే తెలుస్తుంది పొంతన. కుదిరితే చప్పుడు పూర్తిగా ఆగిపోయి, కత్తి రాయికి మెత్తగా అతుక్కుంటుంది. లాగుతుంటే వదలనంటుంది. కుదరకపోతే జారుతూనే ఉంటుంది, ఎంతసేపు నడిపినా ముఖం పెట్టదు. ఒకే రాయి మీద నా షెఫీల్డు కత్తి అలా అతుక్కుంది, నా జర్మన్ కత్తి అతుక్కోలేదు. ఆ జర్మన్ కత్తికి ఇంతకన్నా కాస్త మెత్తటి రాయి నప్పింది. గట్టి ఉక్కు, మెత్తటి ఉక్కు, గట్టి రాయి, మెత్తటి రాయి, వీటిలో ఎవరికి ఎవరో చేతితో కనుక్కోవాల్సిందే.

తర్వాత నార గుడ్డ మీద ఇరవై సార్లు, తోలు మీద యాభై సార్లు. తలలోంచి ఒక వెంట్రుక తీసి అంచుకి ఆనిస్తే చప్పుడు లేకుండా రెండవుతుంది. కానీ నాకు ఆ పరీక్ష కన్నా గడ్డమే పెద్ద పరీక్ష. కృత్రిమ రాయి అంచు కూడా వాడిగానే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా వాడిగా. కానీ గవద కింద, గొంతు దగ్గర, పటిక రాసినప్పుడు తేడా తెలుస్తుంది. ఈ రాయి మీద తేరిన అంచుతో గీసుకున్న రోజు పటిక మంట పుట్టించదు, చల్లగా ఉంటుంది. నా వరకు ఈ రాయి విలువ అక్కడుంది.

ఈ గనులు చాలామటుకు మూతపడ్డాయి. అమెరికాలో 1904లో జిలెట్‌కి బ్లేడు రేజరు మీద పేటెంటు వచ్చిన నాటి నుంచి ఇంట్లో కత్తి నూరుకునే అవసరం మెల్లగా తగ్గింది. కృత్రిమ రాళ్లు చవగ్గా, ఏ ముక్కకి ఆ ముక్క ఒకేలా వచ్చాయి. సొరంగాల్లో కూర్చుని పొరపొరగా రాయి విప్పే పని కష్టమైనది, చేసేవాళ్లు తగ్గారు. మన సెలూన్లలో, వాళ్ల సెలూన్లలో కూడా ఒక మనిషికి ఒక బ్లేడు అన్న పద్ధతి వచ్చింది. రోగాలు అంటకుండా అది రావాల్సిందే, నేను దాన్ని మెచ్చుకుంటాను. అయినా కమెఓకాలో సహజ సానరాళ్ల మ్యూజియం ఒకటి నిలబడి ఉంది. అక్కడ రాళ్లు చూడటమే కాదు, వాటి మీద నూరి చూసే వీలూ ఉంది. ఆ వైపు వెళ్లేవాళ్లుంటే మీ వంటింటి కత్తి కోసమైనా ఒక గంట అక్కడ కూర్చోండి.

క్షవరం కత్తి రాయిని పెద్దగా తినదు. నెలకోసారి, పైపైన. ఇంత మందం నా జన్మకి అరగదు. నా తర్వాత ఎవరి చేతికి వెళుతుందో, వాళ్లు దాన్ని ఏ కత్తితో కలుపుతారో! ఇచ్చేటప్పుడు చెప్పాల్సింది ఒక్కటే అనుకుంటున్నాను, కొడవలి ఎక్కించకండి అని. మామ ఆ రోజు పిసినారితనంతో అనలేదు. ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో ఒక కత్తితో నడిచి, ఆ రాయి తల ఆ కత్తికి తగ్గట్టు ఒదిగింది. దాన్ని కాపాడుకున్నాడు. మా తాతయ్య గొంతు మీద గాటు పడకుండా ఉండటానికి ఆయనకి ఉన్న పూచీ అదొక్కటే.

ఇదిగో, మాటల్లో మీ కత్తి కూడా తేరింది. రాయి కడిగేద్దాం, చెంబు ఇటివ్వండి. నల్లగా జారిపోతున్నాయి చూడండి, ఆ నీళ్లు. సముద్రం అడుగున పేరుకున్న ఏనాటి దుమ్మో, ఇందాక మీ కత్తిలో ఉన్న ఉక్కూ కలిసి పోతున్నాయి. ఇప్పుడు దీన్ని ఎండకి కాకుండా నీడనే ఆరబెడతాను. మీరు రేపు పొద్దున్నే గడ్డం గీసుకుని, పటిక రాసుకున్నాక, ఎలా ఉందో వచ్చి చెప్పండి.